కాలిఫోర్నియా ఫ్రీవేలో మెర్జ్ అవడం, లేన్ మారడం ఎలా?

ఇండియాలో ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా ఇక్కడ మొదట తడబడేది అద్దాల దగ్గరే. అమెరికా కార్లలో డ్రైవరు వైపు అద్దం సమతలంగా ఉంటుంది. దూరం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది కానీ, చూపు అందే మేర తక్కువ. కుడివైపు అద్దం ఉబ్బెత్తుది. మేర ఎక్కువే కానీ, బండి ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. అందుకే కుడికి మారేటప్పుడు ఆ అద్దం ఒక్కదాన్నే నమ్మకండి. ఇండికేటరు కూడా ఎడమచేతి వైపే ఉంటుంది. పాత అలవాటుకొద్దీ కుడిచెయ్యి కదిపితే వైపర్లు తిరుగుతాయి.

ఫ్రీవే ఎక్కి అక్కడి ట్రాఫిక్‌లో కలిసేటప్పుడు (మెర్జ్):

1. ర్యాంప్ (ఫ్రీవేలోకి చేర్చే దారి) మీద సిగ్నల్ ఉంటే సాధారణంగా ఒక్కో గ్రీన్‌కి ఒక్క కారే. లైటు పడగానే గట్టిగా వేగం పెంచండి.

2. ర్యాంప్ దిగేలోపే ఏ కారు వెనక దూరాలో ఎంచుకోండి.

3. వేగం పక్క లేన్‌తో సమానం కావాలి. అవతల 65 మైళ్ల వేగంతో వస్తుంటే మీరు 40తో దూరితే, 45 మీటర్ల వెనకున్న కారు నాలుగు సెకన్లలో మిమ్మల్ని అందుకుంటుంది. భయపడి ర్యాంప్ చివర ఆగడం ఇంకా ప్రమాదం: సున్నా నుంచి మళ్లీ వేగం పుంజుకోవడానికి అక్కడ చోటుండదు. అయినా ముందు వెళ్లే హక్కు ఫ్రీవే మీది బళ్లదే.

లేన్ మారాలంటే కనీసం 5 సెకన్ల ముందు ఇండికేటరు వెయ్యండి. వేసినంత మాత్రాన దారి ఇచ్చినట్టు కాదు. మారబోయే లేన్‌లో వెనకున్న కారు రెండు హెడ్‌లైట్లూ లోపలి అద్దంలో కనిపించాలి. తర్వాత తల మాత్రమే తిప్పి బ్లైండ్ స్పాట్ (అద్దాల్లో కనిపించని చోటు) చూడండి. భుజం తిరిగితే స్టీరింగూ తిరుగుతుంది. చూపు ఒక్క క్షణమే, ఎందుకంటే 65 మైళ్ల వేగంలో సెకనుకు 29 మీటర్లు పోతాం. మారబోయే లేన్‌కి అవతలి లేన్ కూడా చూడాలి, అటునుంచి ఇంకొకరు అదే ఖాళీలోకి వస్తూ ఉండొచ్చు. మారేటప్పుడు బ్రేకు వద్దు. ఒకసారికి ఒక్క లేనే. మారాక ఇండికేటరు ఆపి, ముందు కారుకి 3 సెకన్ల దూరం ఇవ్వండి.

ట్రక్కు పక్కన, ముఖ్యంగా కుడివైపున, నిలకడగా నడపకండి. దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించరు.

ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంటే మెర్జ్ లేన్ చివరిదాకా వెళ్లి, ఒకటి విడిచి ఒకటిగా కలవండి. మధ్యలోనే ఆగితే వెనకంతా స్తంభిస్తుంది.

ఎగ్జిట్ తప్పిపోతే తర్వాతి దాంట్లో దిగండి. నాలుగు లేన్లు అడ్డంగా కొయ్యడం, షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) మీద వెనక్కి రావడం మాత్రం ఎప్పటికీ వద్దు.