పాత పచ్చ చీర పారేయకండి

ఇంటికి పచ్చదనం కావాలని కొత్త కర్టెన్లు కొనేముందు బీరువా ఓసారి వెతకండి. అమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ చిలకపచ్చ నేత చీర ఒకటైనా ఉంటుంది. 5.5 మీటర్ల చీరలో 7 అడుగుల డోర్ కర్టెన్లు రెండు వస్తాయి, మిగిలిన ముక్కతో దిండు గలీబు. అంచు నిలువుగా పడుతుంది కాబట్టి వేరే డిజైన్ అక్కర్లేదు. ఎండ నేరుగా తగిలే కిటికీ అయితే వెనక పాత తెల్ల పంచె అస్తరు వేయించండి. మేం వేయించలేదు, ఒక్క వేసవికే రంగు వెలిసిపోయింది.

పక్కన ఖాళీ గాజు సీసాలో మనీప్లాంట్ కొమ్మ పెట్టండి. కణుపు నీళ్లలో మునగాలి, ఆకులు మునగకూడదు. వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు. ప్లాస్టిక్ తీగలు మాత్రం వద్దు, వాటి దుమ్ము దులపడమే ఒక పని.