ఓనరు ఒక్క రోజు పార్సిల్ కౌంటర్లో నిలబడాలంటే

కంపెనీ బాసులు మారువేషంలో తమ దగ్గరే కూలి పని చేసే ‘అండర్‌కవర్ బాస్’ టీవీ షో బ్రిటన్‌లో 2009లో మొదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో సూపర్ బౌల్ (వాళ్ల ఫుట్‌బాల్ ఫైనల్) అయిన వెంటనే వేశారు. అందులో వేస్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీ ప్రెసిడెంట్ లారీ ఓడానెల్ వేషం మార్చి చెత్త ఏరడానికి వెళ్తే, స్పీడు చాలదని పనిలోంచి తీసేశారు. చెత్త బండి నడిపే ఆవిడ దారిలో బాత్రూమ్‌కి ఆగే వీల్లేక డబ్బాతో సర్దుకుంటోందని అతనికి ఆ షోలోనే తెలిసింది.

విజయవాడలో నాకు మూడు టిఫిన్ సెంటర్లున్నాయి. ఆ డబ్బా సంగతి చూశాకే నేనూ దిగాను. మీరూ దిగేట్టయితే వినండి.

మారువేషం జోలికి పోకండి. పిండి రుబ్బే మనిషి మీ దగ్గు విని గుర్తుపట్టేస్తాడు. ముందురోజే చెప్పేయండి: ‘రేపు నేను పార్సిల్ కౌంటర్లో, మీరు చెప్పినట్టు చేస్తా’ అని. ఆదివారం పొద్దున్నే పెట్టుకోండి, మంగళవారం మధ్యాహ్నం ఎవరైనా చేస్తారు. మొదటి గంట ‘మీరు కూర్చోండి సార్’ అంటారు. కూర్చోవద్దు. ఎనిమిదింటికి జనం ఎగబడ్డాక ‘సార్, కాస్త జరగండి!’ అని విసుక్కుంటారు. మీ డ్యూటీ అప్పుడు మొదలైనట్టు.

నాకు సాంబారు కట్టే పని ఇచ్చారు. ఎడమచేత్తో కవరు తెరిచి పట్టుకుని, గరిటెతో పోసి, మూతి మెలిపెట్టి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు. పదో కవరుకే బొటనవేలు ఎర్రగా కంది పోయింది. పన్నెండోది పగిలి నా ప్యాంటు మీద పడింది. కిలోకి నాలుగు రూపాయలు మిగులుతాయని పల్చటి కవర్లు తెప్పించింది నేనే మరి! పక్కనున్న కుర్రాడు ఏమీ అనకుండా ఒక స్టీలు గ్లాసు తీసి, కవరు అందులోకి దించి, అంచు బయటికి మడిచి, ‘ఇప్పుడు పోయండి’ అన్నాడు. ఎవరు నేర్పారంటే, ‘కాలితే అదే వస్తుంది సార్’.

‘ఏమన్నా ఇబ్బందా?’ అని అడగడం దండగ. ‘ఏం లేదు సార్’ అనే అంటారు. ఎవరేం చేస్తున్నారో చూస్తూ ఉండండి. గిన్నెలు తోమే ఆవిడ పదకొండింటి దాకా చుక్క నీళ్లు తాగలేదు. బాత్రూమ్ తాళంచెవి మేనేజర్ జేబులో ఉంటుంది, అడగడానికి ఆవిడకి మొహమాటం. కస్టమర్లు పాడుచేస్తున్నారని ఆ తాళం వేయించిందీ నేనే.

సాయంత్రం టీవీలోలాగా అందర్నీ పిలిచి చెక్కులు పంచకండి. ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే రేపటి నుంచి వాళ్లలో వాళ్లకి గొడవ. మీరు పెట్టిన రూల్స్‌లో ఆ రోజు మీకే అడ్డం తగిలినవి రాసుకుని, వారం తిరక్కుండా మార్చండి. మీ వల్ల పాడైన పార్సిళ్ల నష్టం కుర్రాళ్ల లెక్కలో వేయకండి.

తాళంచెవి ఇప్పుడు గిన్నెల గదిలో మేకుకి వేలాడుతోంది. కవర్లు మందంవి వచ్చాయి. గ్లాసు పద్ధతి నేర్పడానికి మిగతా రెండు బ్రాంచీలకీ ఆ కుర్రాణ్నే పంపాను, జీతం కాక రెండు రోజుల బత్తా ఇచ్చి.