అడవికి పట్టుకెళ్లే చాకుకి ఓహెచ్‌ఎన్‌ఎస్ పట్టీ చాలు

వానలు మొదలయ్యే ముందు మా అక్క కొడుకు ఒక చాకు పట్టుకొచ్చాడు. అనంతగిరి కొండల్లో రాత్రి టెంటు వేసుకోవడానికి ఆన్‌లైన్లో కొన్నాడట. అద్దంలా మెరుస్తోంది, వీపు మీద రంపం పళ్లు, పిడిలో దిక్సూచి. "వేపకొమ్మ చెక్కుదామంటే జారుతుంది మామా, జర పదును పెట్టియ్యవా" అన్నాడు. రాయి మీద పావుగంట రుద్దాను. అంచు అటూ ఇటూ మడత పడుతోందే తప్ప పదును ఎక్కడం లేదు. పేరు తెలియని మెత్తటి స్టెయిన్‌లెస్. మంచి స్టెయిన్‌లెస్ లేదని కాదు. ఉంది, కానీ దాన్ని సరిగ్గా కాల్చాలంటే పెద్ద ఫర్నేసు కావాలి, ఇంట్లో అయ్యే పని కాదు.

హైదరాబాద్ బాలానగర్ టూల్‌రూముల్లో ఇరవై ఆరేళ్లు డైలు, పంచ్‌లు, అంటే రేకుల్ని కోసే అచ్చులు, ఫిట్ చేసినవాణ్ణి. రేకుల్ని లక్షలసార్లు కోసే పంచ్‌కి వాడే ఉక్కు, కట్టెపుల్లలు చెక్కడానికి సరిపోదా? వాడితోనే చాకు చేయించాను. ఎలాగో చెబుతాను.

కొట్లో "టూల్ స్టీల్ ఇవ్వండి" అంటే ఏ రకమని ఎదురు ప్రశ్న వస్తుంది. రాణిగంజ్‌లో ఉక్కు అమ్మే కొట్టుకు వెళ్లి "ఓహెచ్‌ఎన్‌ఎస్ ఫ్లాట్, నాలుగు ఎంఎం" అనండి. ఆయిల్ హార్డెనింగ్ నాన్ ష్రింకింగ్ స్టీల్, పేరులోనే దాని గుణం ఉంది: నూనెలో గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కొలత పెద్దగా మారదు. విదేశాల్లో దీన్నే ఓ1 అంటారు. కార్బన్ సుమారు 0.9 శాతం, మాంగనీస్ ఒక శాతం పైచిలుకు, క్రోమియం, టంగ్‌స్టన్ చెరో అర శాతం. కొట్టువాడు "ఇంకా గట్టిది ఉంది" అని హెచ్‌సీహెచ్‌సీఆర్ చూపిస్తాడు, అంటే కార్బన్, క్రోమియం రెండూ ఎక్కువున్న ఉక్కు, విదేశాల్లో డీ2. అందులో క్రోమియం దాదాపు 12 శాతం. పదును చాలాకాలం నిలుస్తుంది, నిజమే. కానీ అడవిలో మొద్దుబారితే చేతిలో ఉన్న చిన్న రాయి దాన్నేమీ చేయలేదు. పైగా వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాలి. అంత క్రోమియం ఉండి కూడా అది పూర్తిగా స్టెయిన్‌లెస్ కాదు, ఎందుకంటే చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా ముడిపడిపోతుంది. చాకుకి నా ఓటు ఓహెచ్‌ఎన్‌ఎస్‌కే.

ఆటోనగర్‌లో పాత లారీ కమాను పట్టీలు దొరుకుతాయి. ఊళ్లో కమ్మరి కొడవళ్లకీ కత్తులకీ వాడేది తరచూ అదే. కొట్టి నరికే పెద్ద కత్తికి బంగారం లాంటిది. కార్బన్ తక్కువ కాబట్టి సన్నటి చాకుకి పదును అంతగా నిలవదు. పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్లు కూడా ఉండొచ్చు, ఉంటే మీరు పనంతా చేశాక బయటపడతాయి.

ఓహెచ్‌ఎన్‌ఎస్ కొత్త పట్టీ మెత్తగానే వస్తుంది. హాక్‌సా బ్లేడు, ఆకురాయి చాలు. అలుగు నాలుగు అంగుళాలు, పిడితో కలిపి తొమ్మిది. రంపం పళ్లు వద్దు. వీపు అంచుల్ని మాత్రం గుండ్రం చేయకుండా లంబకోణంలో ఉంచండి, నిప్పు పుట్టించే ఫెర్రో కడ్డీని గీకడానికి పనికొస్తుంది. చెకుముకి రాయికి కూడా ఇలాంటి గట్టి కార్బన్ ఉక్కే నిప్పురవ్వలిస్తుంది, స్టెయిన్‌లెస్‌తో ఆ పని కాదు. పిడి బెజ్జాలు ఇప్పుడే వేసుకోవాలి, గట్టిపడ్డాక మామూలు డ్రిల్లు దిగదు. పదును అంచుని ఇప్పుడే పలచన చేయొద్దు, అర మిల్లీమీటరు పైనే మందం వదలండి. లేకపోతే నూనెలో ముంచగానే అంచు అలలు తిరుగుతుంది.

ఇక అసలు పని, కాల్చడం. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు తొందరలో ఒక ఓహెచ్‌ఎన్‌ఎస్ పంచ్‌ని నీళ్లలో ముంచాను. "టిక్" మని చిన్న చప్పుడు. తీసి చూస్తే మూల నుంచి మూలకి వెంట్రుకంత గీత. వారం పని గంగలో కలిసింది. అందుకే నూనె. వేరుశనగ నూనె మూడు లీటర్లు, పొడుగాటి ఇనుప డబ్బాలో, 50-60 డిగ్రీలకి వెచ్చబెట్టి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నిదానంగా లాగుతుంది. డబ్బాకి ఇనుప మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టాలి, నీళ్లు పోశారో ఇల్లు తగలబడుతుంది.

ఉక్కు 800 డిగ్రీల దగ్గరికి రావాలి. కొలిమిలో థర్మామీటరు ఉండదు కాబట్టి అయస్కాంతం పెట్టి చూస్తాం. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కణ్ణుంచి ఎరుపు ఒక్క మెట్టు ఎక్కించి, పది నిమిషాలు అదే రంగు నిలపాలి. ఈ నిలపడమే కష్టం. ఎండలో రంగు తప్పు చెబుతుంది, సందెవేళ చేయండి. కొలిమి ఊదడం అలవాటు లేకపోతే బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లకి ఇచ్చి "58 నుంచి 60 హెచ్‌ఆర్‌సీ" అని చీటీ కట్టండి, ఉక్కు గట్టిదనానికి అది కొలత. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మేం డైలు కూడా అలాగే పంపేవాళ్లం.

మేం ఇంట్లోనే చేశాం. చాకుని మొన కిందకి పెట్టి నిలువుగా దించాలి, పక్కకి ఊపితే వంగుతుంది. పొగ తగ్గాక తీసి ఆకురాయితో అంచు మీద గీశాను. గాజు మీద జారినట్టు జారింది, గట్టిపడిందన్నమాట. "ఇప్పుడు కింద పడేశావంటే రెండు ముక్కలైతది" అని వాడి చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ పెళుసు తగ్గించాలంటే చెయ్యి పట్టేంత చల్లారగానే టెంపరింగ్. మా ఇంట్లో ఓటీజీ ఓవెన్లో ఇసుక పోసిన ట్రేలో చాకుని పెట్టి, 200 డిగ్రీల్లో రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు. ఓవెన్ మీద రాసిన డిగ్రీల్ని నమ్మొద్దు, లోపల వేరే థర్మామీటరు పెట్టండి. ముందే ఒక చోట ఎమరీతో మెరిపించి ఉంచితే అక్కడ లేత ఎండుగడ్డి రంగు వస్తుంది. నీలం దాకా పోయిందంటే చాకుకి కావాల్సిన దానికన్నా మెత్తబడ్డట్టే. మా ఆవిడ వచ్చి "కేకులు చేసే దాంట్ల ఇనుము ఉడకబెడుతున్నరా?" అంది. ఆ వారం ఏం వండినా నూనె కంపు.

పిడికి తుమ్మ చెక్క, రెండు ఇత్తడి కడ్డీలు, అరాల్డైట్. ఇందులో చెప్పడానికి ఏమీ లేదు.

పదునుకి 400, 1000 నంబర్ల రాళ్లు. వాలు ఒక్కో పక్క 20 డిగ్రీలు. ఒక పక్క రుద్దుతుంటే రెండో పక్కన వేలికి గరుగ్గా ఏదో తగులుతుంది, అంచు పొడుగునా తగిలాకే తిప్పాలి. చివర పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి. సైకిల్ మీద సానపట్టేవాళ్లకి మాత్రం ఇవ్వొద్దు. నీళ్లు లేకుండా చక్రం మీద పెడితే అంచు క్షణంలో నీలం తిరుగుతుంది, మనం నాలుగు గంటలు కాచిన టెంపర్ గాలికి పోతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే అంచుని ఇత్తడి కడ్డీకి కాస్త ఆనించి నొక్కండి. వంగి మళ్లీ తిన్నగా వస్తే మంచిదే, పెచ్చు లేస్తే ఇంకో పది డిగ్రీలు పెంచి మళ్లీ కాచండి, వంగి అలాగే ఉండిపోతే మొదటి నుంచి కాల్చాలి.

వారం తర్వాత మేనల్లుడి ఫోన్. "మామిడికాయ కోస్తే నల్లబడ్డది మామా, ఖరాబైందా?" కాలేదు. మామిడికాయ, నిమ్మ, చింతపండు, ఏ పులుపు తగిలినా, ఉల్లి తగిలినా ఈ ఉక్కు మీద నీలం, ఊదా, బూడిద రంగులు పాకుతాయి. ఆ పొర పట్టనివ్వండి, ఎర్ర తుప్పు రావడం తగ్గుతుంది. ఆగలేకపోతే సబ్బుతో జిడ్డు కడిగి వెచ్చటి వెనిగర్‌లో పావుగంట ఉంచండి. కోసిన వెంటనే మాత్రం కడిగి, తుడిచి, ఆముదం చుక్క రాయాలి. ఆముదం ఎండి అట్టకట్టదు.

పట్టుకెళ్లేటప్పుడు బ్యాగు అడుగున ఉంచండి, మెట్రోలో అయితే స్కానర్ దగ్గరే ఆపేస్తారు. అమ్రాబాద్ లాంటి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. నాలుగు అంగుళాల చాకు ఆయుధమా కాదా అని గేటు దగ్గర వాదించకండి, కారులోనే వదలండి.

ఇంటికొచ్చాక తోలు ఒరలో దాచొద్దు. తోలు తడి పీలుస్తుంది, తోలుని శుద్ధి చేసేటప్పుడు వాడిన ఉప్పులు ఉక్కుని తింటాయి. నా మొదటి చాకుని ఒక వానాకాలమంతా ఒరలోనే మరిచిపోయాను. దసరాకి తీస్తే అలుగు మీద మిరియాల గింజలంత గుంటలు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఉల్లిపాయలు దాంతోనే కోస్తున్నాను.