వడ్డీ రూపాయల్లో లెక్కేయండి, కరెంటు స్లాబుల్లో చూడండి

పదో తారీఖుకే చేతిలో డబ్బు అయిపోయే ఇంట్లో అందరూ ముందు పాల ప్యాకెట్టు మీద, కూరల మీద పడతారు. అక్కడ మిగిలేది వందల్లో ఉంటుంది. వడ్డీల కింద పోయేది వేలల్లో. అందుకే కోత అక్కణ్ణుంచి మొదలెట్టాలి.

పాత క్యాలెండరు వెనక నాలుగు గళ్ళు గీయండి. ఎవరికి, అసలు ఇంకా ఎంత, నెలకి ఎంత కడుతున్నాం, వందకి నెలకి ఎన్ని రూపాయల వడ్డీ. నాలుగో గడే ముఖ్యం. బ్యాంకువాళ్ళు ఏడాదికి శాతం చెప్తారు, దాన్ని 12తో భాగిస్తే మన రూపాయల వడ్డీ వస్తుంది. 12 శాతమంటే రూపాయి వడ్డీ, 24 అంటే రెండు రూపాయలు. అన్నీ ఒకే కొలతలోకి వస్తే గానీ ఏది మెడకి బిగుస్తోందో తెలియదు.

దొంగలెక్క ఎక్కువగా ఉండేది రోజువారీ ఫైనాన్సులో. 10,000 అని రాసుకుని 1,000 ముందే పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. పదికి రూపాయేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతుంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గరున్నది 4,500 మాత్రమే. దానిమీద మూడు నెలల చిల్లరకి 1,000 కట్టారంటే నెలకి ఆరు రూపాయలు దాటిన వడ్డీ. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మధ్యలో తీర్చేస్తామన్నా చాలామంది పైసా తగ్గించరు. అలాంటప్పుడు ముందే తీర్చడానికి ఆరాటపడక్కర్లేదు. వందో రోజున మళ్ళీ కొత్త అప్పు రాయించుకోకపోతే చాలు.

క్రెడిట్ కార్డు సంగతి చూడండి. నెలకి 3.75 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ ఉంటే దాదాపు నాలుగున్నర రూపాయల వడ్డీ. 40,000 బాకీ మీద మినిమం డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సింది) 5 శాతం లెక్కన 2,000 కట్టారనుకోండి. వడ్డీ 1,500, జీఎస్టీ 270 పోను అసలులో తగ్గేది 230. పైగా పాత బాకీ మిగిలున్నంత కాలం కొత్తగా గీకిన ప్రతిదానికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి కార్డు బీరువాలో పెట్టి, బ్యాంకుకి ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమని అడగండి. రేటు, ప్రాసెసింగ్ ఫీజు రెండూ అడిగాకే ఒప్పుకోండి. సగం కట్టి సెటిల్ చేసుకోమంటే సంబరపడకండి. మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో సెటిల్డ్ అని పడుతుంది, రేపు ఇంటి లోనుకి వెళ్ళినప్పుడు అదే అడ్డమొస్తుంది.

గళ్ళు నిండాక వరస ఇదీ: అన్నిటికీ కట్టాల్సిన కనీసం కట్టి, చేతిలో మిగిలిందంతా వడ్డీ రేటు ఎక్కువున్నదానికే పోయాలి. తలా కాస్త పంచితే ఏదీ తీరదు. గ్రూపులో తీసుకున్న మైక్రోఫైనాన్స్ లోను రేటు ఎక్కువైతే దాన్నీ ముందుకు తేవచ్చు. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం వాటిని గడువుకి ముందే తీర్చినా జరిమానా వేయకూడదు.

ఇక అసలు మందు, అప్పు చోటు మార్చడం. ప్రోనోటు మీద లక్ష, మూడు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకి 3,000 కడుతూ పోతే పదేళ్ళయినా లక్ష లక్షగానే ఉంటుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి 80 పైసల వడ్డీకి లక్ష తెచ్చి ఆ ప్రోనోటు తీర్చేసి, అదే 3,000 బ్యాంకుకి కట్టండి. మొదటి నెలలో 800 వడ్డీకి, 2,200 అసలుకి పోతుంది. ఇలా 39 నెలల్లో అప్పు మొత్తం తీరిపోతుంది. జేబులోంచి అదనంగా ఒక్క రూపాయి పోలేదు.

జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఏడాది చివర అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టే స్కీములో పెట్టి, ఆ 2,200 ఇంటి ఖర్చుల్లో కలిపేసుకుంటారు. పన్నెండో నెలలో వేలం నోటీసు వస్తుంది. ఈఎంఐ పద్ధతే అడగండి. రాళ్ళు, లక్క తీసేసి నికర బంగారానికే విలువ కడతారు కాబట్టి రాళ్ళ నెక్లెసుకన్నా గాజులు, గొలుసులు పట్టుకెళ్ళండి. అప్రైజర్ ఛార్జీ ఎంతో ముందే అడగాలి. బంగారం లేనివాళ్ళు డ్వాక్రా గ్రూపు ద్వారా వచ్చే బ్యాంకు లోను చూడాలి. పట్టణంలో గ్రూపుల్ని చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా రిసోర్స్ పర్సన్ని అడిగితే మీ గ్రూపుకి ఎంత వస్తుందో చెప్తారు.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెడితే అంకె వేసుకునే అధికారం అవతలివాళ్ళకి ఇచ్చినట్టే. ఖాళీ చెక్కు ఇంకా ప్రమాదం, అది బౌన్సయితే క్రిమినల్ కేసు. వడ్డీ ఫోన్‌పే లాంటివాటిలోనే పంపండి, ఏ నెలదో నోట్‌లో రాయండి. అసలులో కొంత కడితే ప్రోనోటు వెనక చెల్లు వేయించండి. ఒకటి గుర్తుంచుకోండి: ప్రోనోటు గడువు 3 ఏళ్ళు, ఆ లోపు మీరు చెల్లు రాసి సంతకం పెడితే లెక్క ఆ రోజు నుంచి మళ్ళీ మొదలు. మొత్తం తీరిన రోజున అసలు కాగితం చేతికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి. ‘ఎక్కడో పెట్టానమ్మా, రేపు ఇస్తా’ అంటే ముట్టినట్టు రసీదు అక్కడే రాయించుకోండి.

2015 డిసెంబరులో బెజవాడలో అధిక వడ్డీ అప్పులతో వేధించిన కాల్ మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు ఈ ఖాళీ కాగితాలు ఏం చేస్తాయో ఊరంతా చూసింది. వేధింపు మొదలైతే ఫోన్లు రికార్డు చేసి పోలీసుల దగ్గరకి వెళ్ళండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్ళకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఫోను 15100. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ వాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు తేల్చే అధికారి) పెట్టవచ్చు, 14448కి చేస్తే దారి చెప్తారు.

ఇప్పుడు కరెంటు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు రేట్లు ఖరారు చేసే ఏపీఈఆర్‌సీ 2022-23లో పెట్టిన ఇంటి స్లాబులివి, యూనిట్‌కి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ బిల్లు మీద రేట్లతో ఒకసారి సరిచూసుకోండి. 225 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 1,017. ఇంకో 75 వాడి 300కి వెళ్తే 1,673. ఆ చివరి 75 ఒక్కటే 656. తగ్గించాల్సింది అక్కడ. దీనికి సర్దుబాటు ఛార్జీలు అదనం.

బెజవాడ సింగ్‌నగర్, పటమటల్లో అద్దెకుండేవాళ్ళకి ఇంకో పోటు ఉంది. రెండు పోర్షన్లకి ఒకటే మీటరు. చెరో 180 కాలిస్తే మీటరు మీద 360 పడి 2,198 అవుతుంది. వేరువేరు మీటర్లయితే చెరో 747, కలిపి 1,494. నెలకి 704 ఊరికే పోతోంది. ఓనరుగారితో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి రెండో మీటరు అడగండి. ఇల్లు వెతికేటప్పుడు కుళాయి నీళ్ళతో పాటు మీటర్లు ఎన్నో కూడా చూడండి.

75 వాట్ల పాత ఫ్యాను రోజుకి 18 గంటలు తిరిగితే నెలకి 40 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకి 16. పై స్లాబులో ఉన్న ఇంట్లో తేడా నెలకి 200 దాటుతుంది. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగే హాలు ఫ్యాను ముందు. రోహిణి కార్తెలో ఏసీ ఆపమంటే ఎవరూ వినరు కాబట్టి 26 మీద పెట్టి ఫ్యాను తిప్పండి, ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా. ఫ్రిజ్ తలుపులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే గ్యాస్కెట్ పోయినట్టే.

గ్యాస్: బండ మీద ఖాళీ బరువు కొట్టి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపి డెలివరీ కుర్రాడి తూకంలో చూపించమనండి. రేషన్ కార్డుంటే ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బు వెనక్కి వస్తుంది, పడకపోతే ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) ఆగిందేమో ఏజెన్సీలో అడగండి. కూరలకి రైతుబజారులో బోర్డు మీద ధర చూశాకే సంచి తెరవండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ దగ్గరుంచుకోండి. గుంటూరు నుంచి బెజవాడకి రోజూ ఉద్యోగానికి వచ్చేవాళ్ళకి ఇదే పెద్ద మిగులు.

పది రూపాయల వడ్డీకి జనం ఎక్కువగా పరిగెత్తేది జూన్లో, బడి ఫీజులకి. ఫీజు 24,000 అనుకుంటే, ఈ మేలో బ్యాంకులో నెలకి 2,000 చొప్పున 12 నెలల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలెట్టి, జీతం పడ్డ మర్నాడే కట్ అయ్యేట్టు పెట్టించండి. వచ్చే మేలో చేతికొస్తుంది.