గ్యాస్ స్టవ్ వెలగకపోయినా, మంట తేడాగా ఉన్నా ఏం చూడాలి

స్టవ్ మొరాయిస్తే కొత్త బర్నర్ వేయించేద్దాం అనిపిస్తుంది. చాలాసార్లు తప్పు బర్నర్‌ది కాదు, దాని కన్నాల్లోకి పొంగి ఎండిపోయిన గంజిది, పాలది. కాబట్టి పానా పట్టేముందు మంటను చూడండి.

అంతకన్నా ముందు వాసన. గ్యాస్ వాసన వస్తుంటే రిపేరు మాటే వద్దు. రెగ్యులేటర్ ఆపి తలుపులు, కిటికీలు తీయండి. లైటు, ఫ్యాను స్విచ్ వేయడం గానీ ఆపడం గానీ చేయొద్దు. బయటికొచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. అందుకే కిటికీ ఒక్కటే తీస్తే చాలదు, తలుపూ తీయాలి.

లైటర్ లేకుండా నాబ్ తిప్పితే వెలిగే స్టవ్ అయితే, వాసన లేదు, టిక్‌టిక్ కూడా లేదంటే బ్యాటరీ మార్చి చూడండి. శబ్దం వచ్చినా నిప్పురవ్వ పడకపోతే బర్నర్ పక్కనున్న తెల్లటి పింగాణీ పుల్లను గమనించండి. దానిమీద జిడ్డో తడో ఉంటే కరెంటు పక్కదారి పట్టి స్టవ్ బాడీలోకి పోతుంది. పొడిగుడ్డతో తుడవండి. పింగాణీ చిట్లితే మార్చాల్సిందే. పుల్ల కొసకీ బర్నర్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. స్టవ్ కడిగాక నాబ్ వదిలినా టిక్‌టిక్ ఆగకపోతే లోపలి స్విచ్‌లో నీళ్లు చేరినట్టే. వానాకాలం మన ఉక్కలో అది ఆరడానికి పూట పడుతుంది, ఈలోగా బ్యాటరీ తీసి ఉంచండి.

ఇక మంట. నీలంగా, కన్నాలకు అంటుకుని నిలకడగా ఉంటే సరైనదే. ఉప్పునీళ్లు పొంగినప్పుడు కాసేపు నారింజ రంగు మెరుపులు వస్తాయి, అది లోపం కాదు. అదేపనిగా పసుపుగా మండుతూ గిన్నె అడుగున మసి పడుతోందంటే గాలి చాలట్లేదు. ఒక వంతు సిలిండర్ గ్యాస్ పూర్తిగా కాలడానికి 25 నుంచి 30 వంతుల గాలి కావాలి. అందులో కొంత, జెట్ (గ్యాస్‌ని బర్నర్‌లోకి చిమ్మే చిన్న ఇత్తడి ముక్క) దగ్గరున్న కన్నంలోంచి లోపలికి పోయి గొట్టంలో గ్యాస్‌తో కలుస్తుంది. ఆ గొట్టంలో సాలీడు గూడు పెట్టినా, బొద్దింక చచ్చినా మంట పసుపెక్కుతుంది. రెగ్యులేటర్ ఆపి, బర్నర్ చల్లారాక తీసి, గొట్టంలో సన్నటి బ్రష్ ఆడించండి.

ఇత్తడి బర్నర్‌ని చింతపండు కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఒక్కో కన్నాన్నీ పిన్నుతో తీసి, బోర్లించి తట్టి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. తడి బర్నర్ బిగిస్తే మంట తెగుతూ, చిటపటలాడుతూ ఉంటుంది.

జెట్ సంగతి వేరు. దాని రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సూదితో పొడిస్తే ఇత్తడి మెత్తన కాబట్టి రంధ్రం పెద్దదవుతుంది. ఆ తర్వాత గ్యాసూ ఎక్కువ కాలుతుంది, మంటా పసుపెక్కుతుంది. కరెంటు వైరులోని సన్నటి రాగిపోగు దూర్చి, ఊదితే సరి.

బుస్సుమని శబ్దం వచ్చి మంట బర్నర్ పైన కాకుండా కింద జెట్ దగ్గర మండుతోందా? వెంటనే నాబ్ ఆపండి. బర్నర్ తన గుంటలో సరిగ్గా కూర్చోకపోవడమో, వాడగా వాడగా కన్నాలు అరిగి పెద్దవవడమో కారణం. రెండోదైతే కొత్త బర్నర్ తప్పదు. మంట కన్నాల నుంచి పైకి లేచి గాల్లో ఊగుతుంటే గాలి ఎక్కువైందేమో చూడండి. అన్ని బర్నర్లూ ఒకేలా చేస్తుంటే రెగ్యులేటర్‌ని అనుమానించండి. దాన్ని ఇంట్లో విప్పొద్దు, డీలర్ దగ్గర మార్పించండి.

అన్ని మంటలూ చిన్నగా ఉంటే ట్యూబు మడత పడిందేమో, సిలిండర్ అడుగంటిందేమో చూడండి. అడుగంటిందని సిలిండర్‌ని పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. అది ఎప్పుడూ చేయకండి. ట్యూబు మీద అచ్చేసిన తేదీ నుంచి ఐదేళ్లు దాటితే బాగానే కనిపిస్తున్నా మార్చేయాలి.

విజయవాడలో పైపు గ్యాస్ ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారినవాళ్లకు ఇంకో చిక్కు. పైపు గ్యాస్‌కి జెట్ రంధ్రం పెద్దది కావాలి. సిలిండర్ స్టవ్‌ని అలాగే తగిలిస్తే మంట నీరసంగా ఉంటుంది. పైపు గ్యాస్ జెట్లున్న స్టవ్‌ని సిలిండర్‌కి బిగిస్తే మాత్రం మంట పొడుగ్గా, పసుపుగా లేచి గిన్నె చుట్టూ ఎగబాకుతుంది. ఆ జెట్లు మార్చే పని మెకానిక్‌కే వదిలేయండి. అతను వెళ్లేముందు ప్రతి జాయింటుకీ సబ్బునురగ రాయించి, బుడగ రావట్లేదని మీ కళ్లతో చూడండి.