లాప్లాండ్‌లో కొండ కుటీరం – పాఠం 3: పొయ్యిని చూసి సౌనాను ఎంచుకోవడం

ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న లాప్లాండ్‌లో లెవి, యుల్లాస్ అనే స్కీయింగ్ కొండల్లో మనకు ఏది అనువో గత పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు అక్కడ అద్దెకు తీసుకునే కుటీరం సంగతి. ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు; సౌనాలు, అంటే ఆవిరి స్నానపు గదులు, 30 లక్షల దాకా ఉంటాయని అంచనా. అలాంటి చోట ‘సౌనా కలదు’ అన్న మాటతో ఏమీ తేలదు. అది మీ కుటీరంలోనే ఉందా, నాలుగు ఇళ్లవారు వంతులవారీగా వాడుకునేదా? ప్రకటనలో ‘ఓమా సౌనా’ అని ఉంటే సొంతదని అర్థం.

ఇక ఫొటోలు. కిటికీ అవతలి మంచు మీదికే చూపు పోతుంది. దాన్ని సౌనాను వేడెక్కించే, పైన రాళ్లు పేర్చిన పొయ్యి మీదికి మళ్లించండి. పై బల్ల మీద కూర్చున్నప్పుడు పాదాలు పొయ్యి రాళ్లకన్నా ఎత్తులో ఉండాలి. రాళ్ల మీద నీళ్లు పోయగానే లేచే ఆవిరిని ఫిన్నులు ‘లోయ్లు’ అంటారు. అది నేరుగా కప్పు దగ్గరికి చేరుతుంది. బల్ల కిందికి ఉంటే తల సెగలో, కాళ్లు చలిలో! నేను ఫొటోలో మొదట చూసేది ఇదే.

తర్వాత చిన్న లెక్క. కరెంటు పొయ్యికి ఘనపు మీటరుకు సుమారు ఒక కిలోవాట్ కావాలి. గది పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 2.1 అనుకుందాం: దాదాపు 7.6 ఘనపు మీటర్లు. గాజు వేడిని నిలవనివ్వదు కాబట్టి, ప్రతి చదరపు మీటరు గాజుకు మరో 1.2 ఘనపు మీటర్లు కలపాలి. తలుపు 1.5 చదరపు మీటర్ల గాజుదైతే మొత్తం 9.4, అంటే సుమారు 9.4 కిలోవాట్లు కావాలి. అక్కడ 6 కిలోవాట్ల పొయ్యి పెట్టి ఉంటే, రెండు చెంబులు పోసేసరికే రాళ్లు చల్లబడతాయి.

కట్టెల పొయ్యి ఉంటే నేను ఇంకేమీ ఆలోచించను. ఆ వెచ్చదనం మెత్తగా ఉంటుంది. అయితే గంటకు పైగా కాచాలి. స్కీయింగ్ చేసి అలసిన పిల్లలతో తిరిగొచ్చేవారికి మాత్రం కరెంటుదే మేలు. కట్టెలు అద్దెలో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి.

అభ్యాసం: మూడు ప్రకటనలు తీసుకుని సౌనా గది కొలతలు, పొయ్యి కిలోవాట్లు రాసుకోండి. ప్రకటనలో లేనివి యజమానికి రాసి అడగండి. ఆ జవాబులు దగ్గర పెట్టుకుని రండి. దుప్పట్లకు, చివరి రోజు శుభ్రతకు విడిగా పడే ఖర్చును పాఠం 4లో వాటితో కలిపే లెక్కిద్దాం.