నల్లగొండ నుంచి బందరు చూడడానికి వెళ్లేవారికి

సముద్రం చూడాలని మన వైపు నుంచి బందరు వెళ్లే కుటుంబాలు సాధారణంగా మంగినపూడిలో స్నానాలు చేసి, లడ్డూ డబ్బాలు కొనుక్కుని, సాయంత్రానికల్లా తిరుగుముఖం పడతాయి. అంతమాత్రానికే అయితే అంత దూరం పోనవసరం లేదు. బందరు అంటే మచిలీపట్నమే, గోల్కొండ రాజ్యానికి సముద్రపు వాకిలి. గోల్కొండకూ ఆ రేవుకూ మధ్య సరుకు మోసిన ఎడ్లబండ్లు, దుబాసీలు, వజ్రాల వర్తకులు నడిచిన బాటలు నేటి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల నేల మీదుగానే సాగాయి. కాబట్టి ఈ ఊరిని చూడదలచినవారు కనీసం ఒక రాత్రి అక్కడ ఉండేలా ఏర్పాటు చేసుకోవాలనీ, చూడవలసిన వాటిని ఒక వరుసలో చూడాలనీ నా సలహా. ఆ వరుసనే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా దారి సంగతి. నల్లగొండ నుంచి నకిరేకల్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సూర్యాపేట, మునగాల, కోదాడ, విజయవాడ దాటి సుమారు 260 కిలోమీటర్ల తర్వాత మచిలీపట్నం చేరుకుంటారు. పుణె దగ్గర మొదలైన ఆ రహదారి ముగిసేది ఆ ఊళ్లోనే. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి వైపువారు హైదరాబాదు రద్దీలో పడకుండా 167వ నంబరు రహదారి మీద మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల మీదుగా కోదాడ చేరి అక్కడ పెద్ద రహదారిలో కలవవచ్చు. సొంత వాహనం లేనివారు బస్సులో గాని, గుంటూరు మీదుగా వెళ్లే రైలులో గాని ముందు విజయవాడ చేరుకోవడం మంచిది. అక్కడి నుంచి బందరుకు ఉయ్యూరు, పామర్రు మీదుగా ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి. గుడివాడ మీదుగా వెళ్లే రైలు మార్గమూ ఉంది. ఆ మార్గంలో బందరుకు కొంచెం ముందు వచ్చేదే పెడన. ఆ పేరు గుర్తుంచుకోండి, దాని గురించి తర్వాత చెబుతాను.

కారులో వెళ్లేవారు మునగాల దగ్గర కాసేపు ఆగి, రహదారి నుంచి కొంచెం లోపలికి ఉన్న నడిగూడెం కోటను చూసి కదలాలి. చుట్టూ నిజాం ఇలాకా ఉండగా మునగాల పరగణా మాత్రం బ్రిటిషు ఏలుబడిలోని కృష్ణా జిల్లాకు చెంది ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతే అది నల్లగొండలో కలిసింది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆదరణలో పింగళి వెంకయ్య కొంతకాలం నడిగూడెంలో ఉండి పత్తి వంగడాల మీద పరిశోధన చేశారు. ఆయన పుట్టింది బందరు సమీపంలోని భట్లపెనుమర్రులో. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో గాంధీజీకి పతాకం నమూనా అందించారు. నడిగూడెం, విజయవాడ, బందరు మూడూ ఒకే దారిలో ఉన్నాయి గనుక, ఆయన కథను పిల్లలకు ప్రయాణంలోనే ఊరి వెంట ఊరు చూపిస్తూ చెప్పవచ్చు.

మధ్యాహ్నానికి బందరు చేరి, భోజనం చేసి, ఎండ కాస్త తగ్గాక ముందు బందరుకోట వైపు వెళ్లండి. అక్కడ గోల్కొండలాంటి బురుజులూ ప్రాకారాలూ ఉంటాయని ఆశించవద్దు. కనిపించేవి కొన్ని శిథిలమైన కట్టడాలు, చుట్టూ బురదనేల, కాలువలు మాత్రమే. చరిత్ర కొంత తెలుసుకుని వెళ్తే తప్ప అక్కడ నిలబడినా ప్రయోజనం ఉండదు గనుక ముఖ్యమైన సంగతులు చెబుతాను. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి గ్రీకు రచనలే ఈ తీరాన్ని మసాలియా, మైసోలియా అనే పేర్లతో చెప్పి, ఇక్కడి సన్నని నూలు బట్టలను ప్రస్తావించాయి. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి నుంచి పర్షియాకూ, ఆగ్నేయాసియాకూ ఓడలు నడిచేవి. 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీకి ఇదే మొదటిది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానా వారి వర్తకాన్ని స్థిరపరచింది. 1639లో మద్రాసులో స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే కూడా ఇక్కడి ఇంగ్లీషు స్థావరానికి లోబడి పనిచేసినవాడే. డచ్చివారు తీరంలో ఆగిపోకుండా లోపలికి వచ్చి, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలోనూ స్థావరం ఏర్పరచుకున్నారు. మేళ్లచెరువు వైపు నుంచి చూస్తే కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గని గురించీ, గోల్కొండ నుంచి ఈ రేవుకు వచ్చే బాటల గురించీ ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వివరంగా రాసిపెట్టాడు. తర్వాత ఈ కోట ఫ్రెంచివారి చేతికి వెళ్లింది. 1759లో కర్నల్ ఫోర్డ్ దాన్ని పట్టుకోవడంతో హైదరాబాదు పాలకుడు సలాబత్‌జంగ్ ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఒప్పగించాడు. తెలుగు నేల రెండు ఏలుబడుల కిందికి చీలడానికి తొలి అడుగు ఇక్కడే పడిందని నేను భావిస్తాను.

ఊళ్లో ఉన్న డచ్చి సమాధుల ఆవరణను కూడా ఆ సాయంత్రమే చూడాలి. పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నాలు, డచ్చి భాషలో వివరాలు లోతుగా చెక్కి ఉంటాయి. ఏటవాలుగా వెలుగు పడే వేళ ఆ అక్షరాలు బాగా కనిపిస్తాయి.

రెండో తరగతి రేవుగా ఈ ఊరు ఎలా మిగిలిపోయిందో తెలియాలంటే 1864 నవంబరు 1 తుపాను గురించి తెలుసుకోవాలి. ఆ రాత్రి ఉప్పెనగా లేచిన సముద్రం ఊరిని ముంచేసింది. పరిసరాలతో కలిపి సుమారు 30,000 మంది చనిపోయారు. మళ్లీ 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. ఇక్కడివారు తుపాను హెచ్చరికను ఎంత గంభీరంగా తీసుకుంటారో వెళ్లినవారూ అంతే గంభీరంగా తీసుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ శాఖ ప్రకటన చూడకుండా బయలుదేరవద్దు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నివిధాలా అనువైన కాలం.

రాత్రి బసకు తీరం కంటే ఊళ్లో కోనేరు సెంటర్, బస్టాండు పరిసరాలే మేలు. ఆ వీధుల్లో తిరిగేటప్పుడు గుర్తుచేసుకోవలసినవారు చాలామంది ఉన్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇక్కడ వైద్యుడిగా జీవితం మొదలుపెట్టి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యే దాకా మన పల్లెల్లో కూడా ఎందరి పాసుపుస్తకాల మీదో ఉన్న పేరు అది. కోపల్లె హనుమంతరావు ముందుండి నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో మొదలైంది. తెలుగు సినిమాకు పితామహుడిగా చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడు పుట్టింది ఈ ఊళ్లోనే. 1902లో ఇక్కడ పుట్టి, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో దశాబ్దాలు నడిచిన కృష్ణా పత్రికను నిజాం రాజ్యంలోని తెలుగు చదువరులు కూడా తెప్పించుకునేవారు. నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక 1922లోనూ, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక 1926లోనూ వచ్చాయని తెలిసినవారికి ఈ ఊరి మీద గౌరవం మరింత పెరుగుతుంది.

మర్నాడు తెల్లవారకముందే మంగినపూడికి బయలుదేరాలి. ఊరి నుంచి సుమారు 11 కిలోమీటర్లు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే పైకి వస్తాడు. ఇక్కడ తీరం మెల్లగా లోతవుతుంది. అడుగున ఇసుకతోపాటు నల్లటి బంకమన్ను ఉంటుంది గనుక పెద్దవాళ్లు జారకుండా చెయ్యి పట్టుకుని దిగాలి. లోతు తక్కువే కదా అని పిల్లలను ముందుకు పోనివ్వకూడదు. కార్తీక పౌర్ణమినాడు సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు. ఆ రద్దీ కోరుకునేవారు తప్ప మిగిలినవారు ఆ రోజును తప్పించుకోవడం మంచిది. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు చిలకలపూడిలో భక్త నరసింహం 1929లో కట్టించిన పాండురంగస్వామి ఆలయాన్ని దర్శించవచ్చు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు మన ఊళ్ల జాతరల్లో అమ్మేవే. కొనదలచినవారు అక్కడే చూసుకోవచ్చు.

ఎండ ఎక్కాక పెడన వెళ్లాలి. నా దృష్టిలో ఈ ప్రయాణం మొత్తానికి ఇదే అసలైన చోటు. ఇక్కడ సగం పూట తక్కువ కాకుండా గడపాలి. ఇక్కడి పని కలంకారీ, అంటే బట్ట మీద రంగులతో బొమ్మలు వేయడం. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దుతారు. ముందు గంజి పోయేలా ఉతికిన నూలు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీరు కరక్కాయ తగిలిన చోట నల్లబడుతుంది. అదే హద్దుగీతలకు వాడే నలుపు. ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణాన్ని అద్దుతారు. అప్పటికి బట్ట మీద ఆ ఎరుపు కనబడదు. పారే నీటిలో జాడించి, పెద్ద కాగులో ఎర్రరంగునిచ్చే సరుకుతో కలిపి ఉడికించినప్పుడు పటిక ఉన్న చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, మిగిలిన చోట రంగు నిలవదు. అచ్చు వేసేవారు రంగుగుడ్డ మీద ఒక్కసారి అద్ది, బట్ట మీద పెట్టి, అరచేతిలో మణికట్టు వైపు భాగంతో గట్టిగా గుద్దడం, పక్క అచ్చు అంచును ముందు వేసిన అచ్చు అంచుతో కలపడం దగ్గర నిలబడి చూడండి. పని జరిగే చోటికి అనుమతి అడిగి వెళ్లండి, ఫొటోలకూ ముందుగా అడగండి. పుట్టపాక తేలియా రుమాలు నేతను చూసినవారికి, నూనెలో నానిన నూలు ఎరుపును ఎలా పట్టుకుంటుందో తెలిసినవారికి, ఇక్కడి పని మరింత బాగా అర్థమవుతుంది.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. పెడనలో అచ్చు అద్దకంతోపాటు రసాయన రంగుల స్క్రీన్ ప్రింటు కూడా విరివిగా జరుగుతుంది. రెంటినీ కలంకారీ పేరుతోనే అమ్ముతారు. చేతి అచ్చులో అచ్చు అచ్చుకూ కలిసే చోట గీత కాస్త తప్పడమో, రంగు ఒకచోట చిక్కగా మరోచోట పలచగా పడడమో కనిపిస్తుంది. గజాల పొడవునా ఎక్కడా తేడా లేకుండా ఉంటే స్క్రీన్ ప్రింటేమోనని అడిగి తెలుసుకోండి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. సహజ రంగుల బట్టకు ధర ఎక్కువ ఉండడం న్యాయం, ఆ చేతుల కష్టానికి దయచేసి గీచి గీచి బేరం చేయవద్దు. ఇంటికి వచ్చాక విడిగా చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరవేయాలి.

సమయం మిగిలితే తిరుగుదారిలో పామర్రు దగ్గర పక్కకు తిరిగి కూచిపూడి చూడవచ్చు. సిద్ధేంద్రయోగి సంప్రదాయం నిలిచిన ఆ ఊళ్లోని కళాపీఠంలో పిల్లలు అడుగులు నేర్చుకోవడం కనిపిస్తుంది. దాన్ని ఆనుకున్న మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని గోపాలుడి ఊరు. ఇంకా లోపలికి వెళ్తే ఘంటసాలలో బౌద్ధ స్తూపం మిగిలి ఉంది. నాగార్జునకొండలో దొరికిన ఉపాసిక బోధిసిరి శాసనం కంటకసెల మహాచైత్యం పేరు చెబుతుంది. ఆ కంటకసెలే ఈ ఘంటసాల. సాగర్ మ్యూజియంలో శిల్పాలు చూసినవారు దీన్ని వదలకూడదు. మరో పూట వెచ్చించగలిగితే అవనిగడ్డ మీదుగా హంసలదీవి వెళ్లి, బీచుపల్లి, సోమశిల, వాడపల్లి దాటి వచ్చిన కృష్ణ సముద్రంలో కలిసే చోటును చూడవచ్చు.

లడ్డూ మాత్రం ఊరు విడిచే ముందే కొనండి. శనగపిండితో వండిన కారప్పూసను దంచి, జల్లించి, బెల్లం పాకంలో నేతితో కలిపి మళ్లీ మళ్లీ దంచి చేసే తొక్కుడు లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమపాలతో చేసే నల్లహల్వా కూడా ఇక్కడి ప్రత్యేకతే. రెండూ కొన్ని రోజులు నిలవ ఉంటాయి. ఏ రోజు చేసినవో అడిగి, వాసన చూసి, డబ్బా కట్టించుకోండి.